వనరాజా పెట్ట కాలి వేలు నల్లబడింది, కుంటుతోంది – ఏం చేయాలి?

అల్వాల్_మిద్దె
అందరికీ నమస్కారం. మా డాబా మీద రెండు వనరాజా పెట్టలు, కొన్ని నాటు కోళ్ళు ఉన్నాయి. నిన్న సాయంత్రం నుంచి ఒక వనరాజా పెట్ట కుడి కాలు పూర్తిగా ఆనించడం లేదు. మధ్య వేలు ఉబ్బింది, చివర నల్లగా కనిపిస్తోంది. మేత తింటోంది, నీళ్ళు తాగుతోంది. కానీ మిగతావాటితో తిరగకుండా వాటర్ ట్యాంకు పక్కనే కూర్చుంటోంది. ఇవాళ గుడ్డు పెట్టలేదు. మా అత్తమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాసింది. వీడియోల్లో చూస్తే బంబుల్‌ఫుట్ (అరికాలిలో చీము గడ్డ) అంటున్నారు, బ్లేడుతో కోసి లోపలి గడ్డ తీసేస్తున్నారు. అది చూస్తేనే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా పాప ఈ పెట్టను పిల్లగా ఉన్నప్పటి నుంచి చేత్తో తినిపించి పెంచింది. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మల్కాజిగిరి_నాటుకోడి
బ్లేడు జోలికి అస్సలు పోవద్దమ్మా. ముందు పెట్టను మిగతావాటి నుంచి వేరు చెయ్యి. రక్తమో, ఎర్రటి పుండో కంట పడిందంటే మిగతా కోళ్ళు దాన్నే పొడుస్తాయి, ఎంత కలిసిమెలిసి పెరిగినా సరే. ఒక అట్టపెట్టెలో పాత చీరో, న్యూస్ పేపరో పరిచి, నీళ్ళు, మేత దగ్గర పెట్టు. వీలైతే మిగతావి కనిపించే చోట పెట్టు, ఒంటరిగా ఉంటే బెంగపడుతుంది. వేరు చేశాక ఫోటో పెట్టు, చూద్దాం.

ఉప్పల్_పావురాలు
అక్కా, ఒక్క విషయం చూడండి. వేలు మొదట్లో, అంటే పాదానికి అతుక్కునే చోట, సన్నటి గీతలాంటిది ఉందా? నేను పావురాలు పెంచుతాను. సంక్రాంతి అయ్యాక మా దగ్గర వచ్చే కాలి సమస్యల్లో చాలావరకు దారమే. మాంజా డాబాల మీద పడి ఉంటుంది, పక్షి నడుస్తుంటే వేళ్ళకు చుట్టుకుంటుంది. తల వెంట్రుకలు కూడా అంతే. డాబా మీద తల దువ్వుకుంటే రాలిన వెంట్రుక చాలు. మీరు చెప్పినట్టు ఒక్క వేలే ఉబ్బి చివర నల్లబడిందంటే నాకు ముందు దారం మీదే అనుమానం.

పశువైద్యం_శంషాబాద్
నేను పశువైద్యుడిని. ఫోటో చూసి రోగం తేల్చలేను కానీ, పైన ఉప్పల్ సభ్యుడు అడిగింది సరైన ప్రశ్న. అమ్మా, ఈ విషయాలు చూసి చెప్పండి. వాపు ఎక్కడ మొదలవుతోంది? అరికాలు మెత్తగా, మామూలుగా ఉందా, లేక అక్కడ కూడా గట్టి బుడిపె, నల్లటి పెచ్చు ఉందా? ఉబ్బిన వేలు ముట్టుకుంటే పక్క వేళ్ళకంటే వేడిగా ఉందా, చల్లగా ఉందా? కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీల దాకా ఉంటుంది. కాబట్టి చల్లబడిన వేలు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. వేడిగా, ఎర్రగా ఉంటే వాపు లేదా ఇన్‌ఫెక్షన్. చల్లగా, నల్లగా ఉంటే రక్తం అందడం లేదని అర్థం. ఈ రెండింటికీ చేసే పని వేరు.

చూసేటప్పుడు పెట్టను తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకోండి. రొమ్ము గట్టిగా నొక్కకండి. కోళ్ళకు మనలాగా ఊపిరి ఆడించే డయాఫ్రమ్ ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. భయంతో గట్టిగా పట్టుకున్నవాళ్ళ చేతుల్లోనే ఊపిరాడక పోయిన కోళ్ళను చూశాను.

అల్వాల్_మిద్దె
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఇప్పుడే మా ఆయన పట్టుకుంటే ఫోన్ లైటు వేసి చూశాను. అరికాలు బాగానే ఉంది, పెచ్చు ఏమీ లేదు. వేలు మొదలు దగ్గర లోపలికి నొక్కుకుపోయిన గీత ఉంది. దాని ముందు భాగమంతా ఉబ్బింది. గోరు పక్కన నల్లగా ఉంది. ఉబ్బిన చోట మామూలుగానే వేడిగా ఉంది, చివర మాత్రం కొంచెం చల్లగా అనిపించింది. దారం అయితే కంటికి కనిపించలేదు. పసుపు రాయడం వల్ల అంతా పచ్చగా ఉంది.

పశువైద్యం_శంషాబాద్
అది దారమే అయి ఉండవచ్చు. ఉబ్బిన చర్మం దాన్ని కప్పేస్తుంది, అందుకే కనపడదు. ఇది రేపటిదాకా ఆగే పని కాదు. దారం ఉన్నంతసేపూ వేలికి రక్తం అందదు.

వేడి చేసిన నీళ్ళు కాదు, గోరువెచ్చని నీళ్ళు తీసుకోండి. కొంచెం మెత్తటి సబ్బు కలిపి, పాదాన్ని 10, 15 నిమిషాలు నానబెట్టండి. పసుపు, మట్టి పోయి చర్మం మెత్తబడుతుంది. తర్వాత మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో, గీత చుట్టూ చూడండి. దారం కొస దొరికితే పట్టకారుతో మెల్లగా ఎత్తి, కుట్లు విప్పే కట్టరుతో గానీ, మొన మొద్దుగా ఉన్న సన్న కత్తెరతో గానీ తెంపండి. తెంపేటప్పుడు వేలి పైవైపు, పొలుసులున్న వైపు తెంపండి. పక్కల నుంచి రక్తనాళాలు వెళ్తాయి, అటు వద్దు. ఒక చుట్టు తెగగానే అయిపోయిందనుకోకండి, చాలాసార్లు రెండు మూడు చుట్లు ఉంటాయి. కొస దొరకకపోతే గుచ్చి వెతకొద్దు. అప్పుడు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చేతులకు గ్లవ్స్ వేసుకోండి. కోడి కాలి గాయాల్లో ఉండే స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా మన చేతి మీది చిన్న గాటులోకి కూడా రాగలదు.

మియాపూర్_బాల్కనీ
నేను ఇలాంటి దానికి ఇంట్లో ఉన్న నొప్పి తగ్గించే జెల్ రాయమని ఒకచోట చదివాను. పెట్టకు నొప్పి ఉంటుంది కదా, ముందు అది రాసి చేస్తే నయం కాదా డాక్టర్ గారూ?

పశువైద్యం_శంషాబాద్
వద్దు. ఇది అందరూ గుర్తుంచుకోండి. మనుషుల నొప్పి జెల్‌లు, ఆయింట్‌మెంట్లు చాలావాటిలో డైక్లోఫెనాక్ ఉంటుంది. ఆ మందు పక్షుల కిడ్నీలను దెబ్బ తీస్తుంది. రాబందులు అంతరించిపోయే స్థితికి వచ్చింది ఆ మందు ఎక్కించిన పశువుల కళేబరాలు తినడం వల్లే. 2006లో మన దేశంలో పశువులకు దాన్ని వాడకుండా నిషేధించారు. కోళ్ళకూ అది విషమే. మొద్దుబరిచే లిగ్నోకెయిన్ వగైరా కలిసిన ఆయింట్‌మెంట్లు కూడా ఇంట్లో వాడకండి. పక్షి బరువుకు లెక్కగట్టకుండా వాడితే గుండె మీద పడుతుంది. పక్షులకు పనికొచ్చే నొప్పి మందులు ఉన్నాయి, మెలోక్సికామ్ అలాంటిదే. కానీ మోతాదు బరువు చూసి డాక్టరు చెప్పాలి.

అల్వాల్_మిద్దె
దొరికింది! నానబెట్టాక ముందు తెల్లటి చర్మం కనిపించింది, దాని కింద ఆకుపచ్చ దారం. నైలాన్ మాంజా. మా ఆయన పట్టుకున్నారు, నేను తెంపాను. డాక్టర్ గారు చెప్పినట్టు ఒకటి తెగాక కింద ఇంకో చుట్టు ఉంది. అదీ తెంపాం. కొంచెం రక్తం వచ్చింది, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకుంటే ఆగింది. పెట్ట అరవలేదు, మెల్లగా కూర్చుంది. ఇప్పుడు ఏం రాయాలి?

ఉప్పల్_పావురాలు
అక్కా, సూపర్. చేతులాడలేదన్న మీరే తీసేశారు. పావురాల్లో చాలామంది ఈ స్టేజీ దాటిపోయాకే తెస్తారు మా దగ్గరికి.

పశువైద్యం_శంషాబాద్
చాలా బాగా చేశారు. ఇప్పుడు బెటాడిన్ ద్రావణాన్ని నేరుగా పోయకండి. మందుల షాపులో దొరికేది 5 శాతం లేదా 10 శాతం ఉంటుంది. 10 శాతం దాన్ని ఒక వంతుకు తొమ్మిది వంతులు కాచి చల్లార్చిన నీళ్ళు కలిపితే లేత టీ రంగులోకి వస్తుంది. దానితో గాయం కడిగి, గాలికి ఆరనిచ్చి, పైన నొప్పి మందు లేని మామూలు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పలుచగా రాయండి. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్, పేడ, కాఫీ పొడి, ఏవీ వద్దు. పసుపు మంచిదే అయినా గాయంలో పొడి చేరి కింద ఏం జరుగుతోందో కనిపించకుండా చేస్తుంది.

కట్టు కట్టాలంటే ముందు చిన్న గాజు గుడ్డ పెట్టి, తమకు తాము అంటుకునే బ్యాండేజీ ఒకటి వదులుగా చుట్టండి. కట్టిన గంట తర్వాత మళ్ళీ వేళ్ళ చివర్లు ముట్టుకుని చూడండి. ఉబ్బినా, చల్లబడినా కట్టు బిగుసుకున్నట్టే, వెంటనే విప్పండి. దారం తీసేసి దాని బదులు బ్యాండేజీ బిగిస్తే ఉపయోగం లేదు కదా.

ఆ నల్లటి చివర సంగతి ఇప్పుడే చెప్పలేను. మూడు నాలుగు రోజుల్లో తేలుతుంది. రక్తం తిరిగి అందితే చర్మం మెల్లగా మామూలు రంగుకు వస్తుంది. పోతే ఎండిపోయి గట్టిపడుతుంది, కొన్నాళ్ళకు ఆ కొస రాలిపోతుంది. అలా అయితే లాగకండి. తడి, వాసన, పైకి పాకే ఎరుపు కనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి, తీసేయాల్సి వస్తుంది. వేలి కొస పోయినా కోడి హాయిగా బతుకుతుంది, పాపకు ఆ మాట చెప్పండి.

షాద్‌నగర్_దొడ్డి
మాంజా విషయం వచ్చింది కాబట్టి చెప్తున్నా. నైలాన్, సింథటిక్ మాంజాను 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. అయినా పండగ వచ్చిందంటే ధూల్‌పేట నుంచి మా ఊరి దాకా దొంగచాటుగా అమ్ముతూనే ఉంటారు. నూలు మాంజా అయితే వానకు, ఎండకు కొన్నాళ్ళకు చివికిపోతుంది. నైలాన్‌ది చెట్టు మీదో, పిట్టగోడ మీదో ఏళ్ళు ఉంటుంది. పండగ అయిపోగానే డాబా, చుట్టుపక్కల చెట్ల కింద దారాలు ఏరేయడం కోళ్ళు పెంచేవాళ్ళకి తప్పనిసరి పని. ఏరినవి అలాగే చెత్తలో వేయకండి, ముక్కలుగా కత్తిరించి కాగితంలో చుట్టి పడేయండి. లేకపోతే చెత్త దగ్గర కాకులకు చుట్టుకుంటాయి.

టోలిచౌకి_అసీల్
నాదో సమస్య. ఈ థ్రెడ్‌లో అడగొచ్చా? నా అసీల్ పుంజుకు అరికాలు కింద గట్టి బుడిపె. మధ్యలో నల్లటి పెచ్చు. నడుస్తాడు కానీ దూకడు. అది నిజంగా బంబుల్‌ఫుట్ కదా? వీడియోల్లో కోసి తీసే పద్ధతి చూశాను, మా పక్కింటి భాయ్ చేసి ఇస్తానంటున్నాడు.

పశువైద్యం_శంషాబాద్
మీరు చెప్పిన గుర్తులు బంబుల్‌ఫుట్‌కి సరిపోతాయి. అయినా చేత్తో చూడకుండా ఖాయంగా చెప్పను. అది ఎలా వస్తుందంటే, అరికాలి చర్మం ఎక్కడో చిన్నగా చీలుతుంది. గరుకు సిమెంటు, ఇనుప మెష్, తుమ్మ ముల్లు, ఎత్తైన కర్ర మీద నుంచి దూకడం, ఏదైనా కారణం కావచ్చు. ఆ చీలికలోంచి స్టెఫైలోకోకస్ లోపలికి దిగుతుంది.

కోడి చీము మన చీములాగా కారదు. మన తెల్ల రక్తకణాల్లో చీమును కరిగించే మైలోపెరాక్సిడేజ్ అనే పదార్థం ఉంటుంది, కోడి కణాల్లో అది ఉండదు. అందుకే చీము గట్టి జున్ను ముక్కలా గడ్డకడుతుంది. పిండితే రాదు. మందు రాసినా ఆ గడ్డ లోపలికి మందు చేరదు. అందుకే కొన్ని దశల్లో తీయక తప్పదు.

కానీ తీయడం అంటే పెచ్చు లాగడం కాదు. అక్కడే కిందుగా వేళ్ళను ముడిచే నరాలు, కండరాల తాళ్ళు ఉంటాయి. వాటికి కత్తి తగిలితే వేలు జీవితాంతం ముడవలేడు. ఇంకా లోతుకు పోతే ఎముక కూడా చెడిపోతుంది. మత్తు లేకుండా కోయడం పుంజుకి నరకం. పక్షి అరవదు కదా అని నొప్పి లేదనుకోవద్దు. వేటకు గురయ్యే జాతి కాబట్టి నొప్పిని దాచుకుంటుంది. కాబట్టి పక్కింటి భాయ్‌కి వద్దని చెప్పండి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనో, నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశు వైద్యశాలలోనో చూపించండి.

పెచ్చు ఇంకా పెద్దగా లేకుండా, అరికాలు ఎర్రగా నున్నగా మెరుస్తుంటే మాత్రం ఇంట్లోనే కొంత చేయొచ్చు. ఎప్సమ్ సాల్ట్ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పాదం నానబెట్టి, ఆరబెట్టి, ఆయింట్‌మెంట్ రాసి, మెత్తటి నేల మీద పెట్టండి. ఆ నీళ్ళు పుంజు తాగకుండా చూసుకోండి, విరేచనాలు పట్టుకుంటాయి.

టోలిచౌకి_అసీల్
శుక్రియా డాక్టర్ సాబ్. రేపే తీసుకెళ్తాను. ఆయన బరువు నాలుగు కిలోలు దాటింది, రాత్రి గోడ మీద పడుకుంటాడు. ఎక్కడం ఎలాగోలా ఎక్కుతాడు, పొద్దున్నే దూకుతాడు. అదే కారణమా?

షాద్‌నగర్_దొడ్డి
భాయ్, అదే కారణం అయ్యే అవకాశం చాలా ఎక్కువ. బరువైన జాతి రోజూ సిమెంటు మీదికి దూకుతుంటే ఎవరి పాదమైనా చితుకుతుంది. కూర్చునే కర్ర నేల నుంచి ఒకటిన్నర అడుగు లోపే ఉండాలి. వెడల్పు రెండు అంగుళాలు, అంచులు చెక్కి గుండ్రంగా చేయించండి. వెదురు బొంగు మీద జారుతాయి, బరువైనవి పట్టుకోలేవు. పీవీసీ పైపు అయితే ఇంకా నునుపు. వేప కర్ర గానీ, పాత మంచం పట్టె గానీ చక్కగా సరిపోతుంది. కర్ర కింద ఊక మందంగా పోయండి. ఒక్కో కోడికి కనీసం తొమ్మిది, పది అంగుళాల చోటు ఇస్తే రాత్రి తోసుకుని కింద పడవు.

మల్కాజిగిరి_నాటుకోడి
నేల గురించి ఇక్కడ ఎవరూ గట్టిగా చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తాను. హైదరాబాద్‌లో మనం పెంచేది ఎక్కువగా డాబా సిమెంటు మీదో, తాండూరు బండల మీదో. ఊళ్ళో మా అమ్మ కోళ్ళు మట్టిలో గీరుకుని తిరిగేవి, కాలి జబ్బు ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ నాకు ఈ బంబుల్‌ఫుట్ వరసగా రెండు పెట్టలకు వచ్చింది. నేల మార్చాకే ఆగింది. వరి ఊక ఆరంగుళాల మందం. మూలన ఒక ట్రేలో మట్టి, ఇసుక, పొయ్యి బూడిద, దానిలో పొర్లుకుంటాయి. వానాకాలంలో పైకప్పు కారిన చోట ఊక తడిసిపోతుంది, తడి ఊక మీద నిలబడితే అరికాలి చర్మం మెత్తబడి త్వరగా చీలుతుంది. పొద్దున తలుపు తీస్తే ముక్కుకి ఘాటు కొట్టిందంటే రెట్టలోంచి అమ్మోనియా వస్తోందని అర్థం, ఆ చోటు ఎత్తి పారబోసి కొత్త ఊక పోయాలి. గడ్డి పార పెట్టి రోజూ కిందా మీదా తిరగేస్తుంటాను.

ఎండాకాలం మరీ కష్టం. ఏప్రిల్, మే నెలల్లో డాబా సిమెంటు మీద మన అరచెయ్యి ఐదు సెకన్లు ఉంచలేకపోతే కోడి పాదం కూడా కాలుతుంది. గ్రీన్ నెట్ కట్టి, కింద తడి గోనె సంచులు పరిస్తే పాదాలకి హాయి. నా మాట ఏమిటంటే, మందు గురించి మాట్లాడే ముందు నేల చూడాలి.

మియాపూర్_బాల్కనీ
మంచి పాయింట్ అమ్మమ్మా. మా ఇంట్లో కోళ్ళ గూడు ఇనుప మెష్ అడుగుతో వచ్చింది, రెట్ట కిందికి పడిపోతుందని అమ్మేవాళ్ళు చెప్తారు. దాని మీద సగానికి పాత డోర్‌మ్యాట్, ఆ పైన పొట్టు వేశాను. ఇప్పుడు కోళ్ళు ఆ సగంలోనే కూర్చుంటాయి.

నాగోల్_అమ్మ
అందరికీ నమస్తే. మా బాబు కోసం ముర్గీ చౌక్‌లో నాలుగు పిల్లలు కొన్నాం, వారం కూడా కాలేదు. ఒక పిల్ల వేళ్ళు లోపలికి ముడుచుకుని మడమల మీద నడుస్తోంది. ఇంకో పిల్లకు ఒక్క వేలు పక్కకు వంగింది. ఏదైనా దెబ్బ తగిలిందా? నూకలు, సేమ్యా తింటున్నాయి.

పశువైద్యం_శంషాబాద్
రెండూ వేర్వేరు విషయాలు. వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుని మడమల మీద నడిచే పిల్లకు బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ లోపం అయి ఉండొచ్చు. నూకలు మాత్రమే తినే పిల్లల్లో ఇది రావడానికి అవకాశం ఎక్కువ. వెంటనే చిక్ స్టార్టర్ దాణా మొదలుపెట్టండి. బి కాంప్లెక్స్ చుక్కలు ఎంత వేయాలో డాక్టరును అడిగి నీళ్ళలో ఇవ్వండి. మొదట్లోనే పట్టుకుంటే చాలావరకు కోలుకుంటాయి. పెద్ద కోళ్ళకు వేసే లేయర్ దాణా మాత్రం పిల్లలకు పెట్టకండి. అందులో ఉండే కాల్షియం చిన్న కిడ్నీలు తట్టుకోలేవు.

ఒక్క వేలు పక్కకు వంగిన పిల్లకు చిన్న బూటు కట్టొచ్చు. గట్టి అట్టముక్కను పాదం ఆకారంలో కత్తిరించి, వేళ్ళను నిటారుగా పరిచి, మైక్రోపోర్ టేపుతో అంటించాలి. ఎముకలు ఇంకా మెత్తగా ఉన్న మొదటి రోజుల్లోనే అది పని చేస్తుంది. రెండు మూడు రోజులు ఉంచి తీసి చూడండి. ఆ బూటుతో పిల్ల మొదట తడబడుతుంది, తర్వాత అలవాటవుతుంది. నీళ్ళ గిన్నె లోతు లేనిది పెట్టండి, పడి మునిగిపోకుండా గులకరాళ్ళు వేయండి.

నాగోల్_అమ్మ
చాలా థాంక్స్ సార్. ఒక పెద్ద కోడికి వేలు విరిగితే కూడా ఇలాగే కట్టాలా? మా పక్కవాళ్ళ పెట్ట గేటులో కాలు ఇరికించుకుంది.

పశువైద్యం_శంషాబాద్
వేలు విరిగితే అలాంటిదే, కానీ కొంచెం గట్టిగా ఆలోచించి కట్టాలి. కోడి పాదంలో వెనక వేలికి 2 ఎముకలు, లోపలి వేలికి 3, మధ్య వేలికి 4, బయటి వేలికి 5. ఎముక చర్మం చీల్చుకుని బయటికి కనిపిస్తే అది ఇంటి పని కాదు, డాక్టరు పని. చర్మం బాగానే ఉండి, వేలు అసహజంగా వంగితే దాన్ని మామూలు స్థితిలో పెట్టి, కింద పలుచటి అట్ట, పైన దూది పొర, దాని మీద బ్యాండేజీ. పక్షి ఎముకలు త్వరగా అతుక్కుంటాయి, మూడు వారాలు సాధారణంగా సరిపోతాయి.

ఈ మూడు వారాలు పెట్టను కర్ర ఎక్కనివ్వకండి. కోడి కర్ర మీద కూర్చుని మోకాలు మడిచిందంటే వేళ్ళను ముడిచే తాళ్ళు బిగుసుకుని వేళ్ళు వాటంతటవే కర్రను పట్టుకుంటాయి, అందుకే నిద్రలో పడిపోదు. విరిగిన వేలికి ఆ లాగుడు మంచిది కాదు. నేల మీద మెత్తటి చోట పెట్టండి.

అల్వాల్_మిద్దె
మా పెట్ట అప్‌డేట్. నిన్న రాత్రి బాగానే పడుకుంది. ఇవాళ వాపు కొంచెం తగ్గింది, పాదం సగం ఆనిస్తోంది. నల్లటి కొస అలాగే ఉంది కానీ పైకి పాకలేదు. చివర ఇంకా చల్లగానే ఉంది. రోజూ కట్టు మార్చి బెటాడిన్ కలిపిన నీళ్ళతో కడుగుతున్నాను. పొద్దున గుడ్డు పెట్టింది. పాప స్కూల్‌కి వెళ్ళే ముందు తోటకూర తినిపించింది. డాక్టర్ గారూ, ఈ గుడ్డు తినొచ్చా?

పశువైద్యం_శంషాబాద్
బయట రాసిన కొద్దిపాటి బెటాడిన్ వల్ల గుడ్డు పారేయాల్సిన పని లేదు. లోపలికి యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు మాత్రం డాక్టరును రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. ఈ మందు గుడ్లు పెట్టే కోళ్ళకు ఇవ్వొచ్చా? ఇస్తే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదు? షాపులో కోళ్ళకని ఇచ్చేదల్లా వాడకూడదు. కొలిస్టిన్ అనే మందును 2019లో మన దేశంలో మాంసం, గుడ్లు, పాలు ఇచ్చే జంతువులకు నిషేధించారు. మనుషుల చివరి ఆసరా మందుల్లో అది ఒకటి. కోళ్ళకు ఇష్టమొచ్చినట్టు వాడితే మనకు పని చేయకుండా పోతుంది. కాలికి చిన్న గాయం కనిపించగానే నీళ్ళలో యాంటీబయాటిక్ పొడి కలిపే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దయచేసి మానేయండి.

తోటకూర ఇవ్వడం మంచిది. మునగాకు, క్యారెట్ కూడా ఇవ్వండి. విటమిన్ ఎ సరిగా అందితే చర్మం గట్టిగా ఉంటుంది.

ఉప్పల్_పావురాలు
గోరు ఊడి రక్తం కారితే ఏం చేయాలో కూడా రాయండి డాక్టర్ గారూ, చాలామందికి ఉపయోగపడుతుంది. మా దగ్గర పటిక రాస్తాం.

పశువైద్యం_శంషాబాద్
పటిక పనికొస్తుంది. మంగలి షాపులో వాడే పటికే. తడిపి రక్తం కారే చోట కాసేపు నొక్కి పట్టాలి. మొక్కజొన్న పిండి కూడా సరే. గోరు ఊడి రక్తం కారిందంటే చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. రెండు కిలోల పెట్టలో ఉండే రక్తం 140 మిల్లీలీటర్ల దరిదాపుల్లో. అందులో పదో వంతు దాకా పోయినా ఆరోగ్యంగా ఉన్న కోడి తట్టుకుంటుంది. ఒక పెద్ద చెంచాడు రక్తం నేల మీద పడితే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి కంగారుపడకుండా నొక్కి పట్టుకోండి. పది నిమిషాలు నొక్కినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం ఆగాక మిగతా కోళ్ళ నుంచి ఒకటి రెండు రోజులు దూరంగా ఉంచడం మర్చిపోకండి.

టోలిచౌకి_అసీల్
నా పుంజు అప్‌డేట్. నారాయణగూడలో చూపించాను. మత్తు ఇచ్చి గడ్డ తీశారు, బఠానీ గింజంత ఉంది. పాదానికి మెత్తటి కట్టు కట్టి, ఎప్పుడెప్పుడు మార్చాలో చెప్పారు. ఎముక బాగానే ఉందట. గోడ మీద పడుకోవద్దని గట్టిగా చెప్పారు, షాద్‌నగర్ అన్న చెప్పిందే. వడ్రంగి దగ్గర పట్టె చెక్కించి ఒక అడుగు ఎత్తులో కర్ర పెట్టించాను. ఇప్పుడు తానే వెళ్ళి దాని మీద కూర్చుంటున్నాడు.

షాద్‌నగర్_దొడ్డి
మంచి పని చేశావు భాయ్. ఇంకో మాట అందరికీ. ప్రతి కుంటడమూ దెబ్బ కాదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడిపోతే మారెక్స్ కావచ్చు, అది వైరస్. ఏ వేలూ చూస్తూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి. కాళ్ళ మీద పొలుసులు లేచి గరుకుగా, బూడిద రంగుకు మారితే సన్న పురుగు (మైట్) పట్టినట్టు. మా దగ్గర కొబ్బరినూనె దట్టంగా రోజూ రాస్తాం, కిరోసిన్ రాయొద్దు, చర్మం కాలుతుంది. ఇంకొకటి, కోళ్ళు ఉన్నట్టుండి వరసగా చనిపోతూ, కాళ్ళ మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే చేతులతో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. బర్డ్ ఫ్లూ అయ్యే అవకాశం ఉంది. మీ ఊళ్ళో సంచార పశు వైద్యశాల వాహనం తిరుగుతుంటే దాని నంబరు 1962.

అల్వాల్_మిద్దె
చివరి అప్‌డేట్ పెడుతున్నాను, ఎవరికైనా ఉపయోగపడొచ్చు. నల్లటి కొస ఎండిపోయి గోరుతో సహా రాలిపోయింది. అక్కడ గులాబీ రంగు చర్మం మూసుకుంది, వాసన లేదు, తడి లేదు. పెట్ట మెట్లు కూడా దిగుతోంది. డాబా మీద దారాలు మొత్తం ఏరాం, పక్క డాబా వాళ్ళను కూడా అడిగి ఏరాం, వాళ్ళ పిల్లలే సంచి పట్టుకుని సాయం చేశారు. మల్కాజిగిరి అమ్మ చెప్పినట్టు నేల మార్చాం, అల్వాల్ బియ్యం మిల్లు దగ్గర ఊక బస్తాలు దొరికాయి. తమకు తాము అంటుకునే బ్యాండేజీ రోల్ ఒకటి విప్పకుండా మిగిలింది. బొల్లారం, అల్వాల్, సికింద్రాబాద్ వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ చేయండి, ఇచ్చేస్తాను.